సర్వీసుకు జవాబు

ఉర్దూలో 'సవాల్' అంటే ప్రశ్న. అదే మాట తెలుగులోకి వచ్చి 'సవాలు' అయ్యేసరికి తొడగొట్టి పిలవటం అనే అర్థం తెచ్చుకున్నది. 'జవాబు' మాత్రం రెండు భాషలలోను జవాబుగానే నిలిచింది. ఒకనాటి సాయంకాలం మన షటిల్ కోర్టు గట్టుమీద కూర్చుని ఉర్దూ శాఖ మిత్రులతో ఈ ముచ్చట చెప్పుకొంటుండగా, ఎదుట సాగుతున్న పికిల్ బాల్ ఆట చూచి నాకొక ఆలోచన తట్టింది. ఈ ఆటలో సర్వీసు ఉర్దూ సవాలే గాని తెలుగు సవాలు కాదు. అది ప్రశ్న మాత్రమే. పైచేయి ఎవరిదన్నది జవాబు చెప్పేవాని చేతిలో ఉన్నది. అయినా మన కోర్టులో ఆడేవారు, ఆడించేవారు, ఆటగాండ్రను ఎంపిక చేసేవారు అందరూ దానిని తెలుగు సవాలుగానే భావిస్తున్నారు. ఈ వ్యాసం వ్రాయటానికి అదే కారణం.

షటిల్ కోర్టులో పికిల్ బాల్ గీతలు శాశ్వతంగా గీయించాలా వద్దా అని కళాశాల కమిటీ ఆలోచిస్తున్నట్లు విన్నాను. ఇది డబ్బున్నవారి ఆట అనీ, నాలుగు రోజుల ముచ్చట అనీ కొందరు పెద్దల అభిప్రాయం. ఆ తగవులో నేను తలదూర్చను. గీతలు గీయించినా, గీయించకపోయినా పిల్లలు సుద్దముక్కతో గీసుకొని ఆడుతూనే ఉన్నారు. ఎలాగూ ఆడుతున్నప్పుడు సరిగా ఆడటం నేర్పవలె గదా! నేర్పటం ఎక్కడ మొదలు పెట్టాలన్నదే నా ప్రశ్న. సర్వీసుతోను, స్మాషుతోను కాదు, సర్వీసును తిప్పికొట్టటంతో మొదలు పెట్టాలని నా వాదం. జట్టు ఎంపిక కూడ దానినిబట్టే జరగాలని అంతకంటె గట్టిగా వాదించదలచుకున్నాను.

ఆట తెలియని పాఠకులకోసం రెండు మాటలు. ఇది 1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టింది. జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్, బార్నీ మెకల్లమ్ అనే ముగ్గురు మిత్రులు ఇంటివారికి ప్రొద్దుపుచ్చటానికి ఒక పాత బ్యాడ్మింటన్ కోర్టుమీద దీనిని కల్పించారు. అందుకే కోర్టు కొలతలు నేటికీ షటిల్ డబుల్స్ కోర్టు కొలతలే: పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. షటిల్‌లో చిన్న సర్వీసు గీత వలకు ఆరున్నర అడుగుల దూరంలో ఉంటే, ఇందులో ఒక గీత 7 అడుగుల దూరంలో ఉంటుంది. అంటే కమిటీవారు గీయించవలసిన క్రొత్త గీత, వలకు అటొకటి ఇటొకటి, పాత గీతకు ఆరంగుళాలు వెనుకగా. ఖర్చును గురించి భయపడేవారు ఈ సంగతి గమనించగోరుతాను. వల మాత్రం బాగా దించాలి. ప్రక్కల 36 అంగుళాలు, నడుమ 34 అంగుళాలు. తంత్రులు లేని చెక్కబ్యాటు వంటి పాడిల్, చిల్లులు పడిన ప్లాస్టిక్ బంతి, అంతే సరంజామా.

వలకు ఇరువైపుల ఉన్న ఆ 7 అడుగుల మేర 'కిచెన్' అని పిలువబడుతున్నది. వంటింట్లో కాలు పెట్టి బంతిని గాలిలోనే కొట్టరాదు. నేలను తాకి లేచిన బంతినైతే లోపలికి వెళ్ళి కొట్టవచ్చు. (మన ఇండ్లలో వంటింటి నియమాలు ఇంతకంటె కఠినం.) ఆటలో బలమైన స్థానం ఏదంటే ఆ వంటింటి గడప. ఇద్దరు ఆటగాండ్రూ ఆ గీతవద్ద ప్రక్కప్రక్కన నిలబడగలిగితే ఎదుటి బంతి ఎత్తుగా వచ్చినప్పుడు క్రిందికి మోదవచ్చు, తక్కువగా వచ్చినప్పుడు మెల్లగా వల దాటించవచ్చు. వెనుక గీతవద్ద చిక్కుకొన్న జంట పైకి కొట్టుకొంటూ ఊపిరి తీసుకోవటమే పనిగా ఉంటుంది. కావున ఈ ఆటంతా ఆ గడపకు ముందుగా ఎవరు చేరుతారన్న పందెమే.

ఇక్కడ నియమావళి ఒక చిత్రం చేసింది. సర్వీసును నడుముకంటె క్రిందనే, చేయి క్రిందినుండి పైకి పోయేటట్లుగా, ఏటవాలుగా ఎదుటి గడిలోనికి కొట్టాలి. ఆ బంతిని అవతలివారు నేలను తాకిన తరువాతనే తిప్పికొట్టాలి. తిప్పికొట్టిన బంతిని సర్వీసు చేసిన జంట కూడ నేలను తాకిన తరువాతనే కొట్టాలి. ఆ తరువాత గాని ఎవరూ గాలిలో బంతిని అందుకోరాదు. ఈ రెండు ఎగురుళ్ల నియమమే ఆటకు ప్రాణం. దీని ఫలితమేమిటో చూడండి. సర్వీసు చేసిన ఇద్దరూ రెండవ ఎగురుడుకోసం వెనుకనే కాచుకొని ఉండాలి. తిప్పికొట్టే జంటలో ఒకరు మొదటినుండే వంటింటి గడపవద్ద నిలబడి ఉంటారు. రెండవవాడు తిప్పికొట్టి ముందుకు వెళ్ళిపోవచ్చు, అతనిని ఏ నియమమూ ఆపదు. టెన్నిస్‌లో సర్వీసు చేసేవాడు దొర. ఇందులో సర్వీసు చేసేవాడు ద్వారంవద్ద నిలబడి లోపలికి రానిమ్మని అడిగేవాడు.

మరి పాయింట్ల సంగతి? సంప్రదాయ పద్ధతిలో సర్వీసు చేస్తున్న జంటకే పాయింటు వస్తుంది. తిప్పికొట్టే జంట ర్యాలీ గెలిస్తే పాయింటు రాదు, సర్వీసు మారుతుంది. ఆట 11 పాయింట్లకు, రెండు పాయింట్ల తేడాతో. ఇటీవల కొన్ని పోటీలలో ప్రతి ర్యాలీకి పాయింటు ఇచ్చే పద్ధతి వచ్చినా, మనవారు ఆడుతున్నది పాత పద్ధతినే. ఇది మన పెద్దలకు క్రొత్త కాదు. 2006కు ముందు షటిల్‌లోను ఇదే పద్ధతి. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండు పోటీ గెలిచినది ఆ పద్ధతిలోనే. వాలీబాల్‌లోను 1990ల చివరివరకు సర్వీసు ఉన్నవారికే పాయింటు. అప్పటి ఆటగాండ్రకు సర్వీసు నిలుపుకొనటం ఎంత కష్టమో, లాక్కొనటం ఎంత రుచో తెలుసు.

ఈ లెక్కలో దాగి ఉన్న ఒక అన్యాయాన్ని మన విద్యార్థులు ఎవరూ పట్టించుకోవటం లేదు. సర్వీసును వలకు కొట్టినవాడు పోగొట్టుకొనేది ఒక అవకాశమే. సర్వీసు తన జతగానికి పోతుంది, లేదా ఎదుటివారికి పోతుంది. స్కోరు కదలదు. సర్వీసును తిప్పికొట్టబోయి వలకు కొట్టినవాడు మాత్రం ఎదుటివారికి ఒక పాయింటు చేతులారా ధారపోసినట్లే. పైగా ఎలాంటి పాయింటు? తన జంటకు అనుకూలంగా ఉన్న ర్యాలీలో, ఎదుటివారు ఒక్క చెమటబొట్టు కూడ రాల్చకుండా పొందిన పాయింటు. మన కోర్టులో ఒక సాయంకాలం నాలుగు ఆటలు చూచి కాగితంమీద గుర్తులు పెట్టుకొన్నాను. ఓడిన జంటలు నాలుగింటిలోను ఇలా ధారపోసిన పాయింట్లే ఎక్కువ. ఇది శాస్త్రీయ పరిశోధన అని నేననను, కాని ఎవరైనా ఒక పూట కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు.

ఇక గట్టిగా కొట్టటమనే వ్యామోహం గురించి. సర్వీసు మెల్లగా, క్రిందినుండి వస్తుంది. దానిని చూడగానే కుర్రవానికి చేయి దురద పెడుతుంది. వల అంచును ఒరుసుకొంటూ పోయేటట్లు బలంకొద్దీ బాదుతాడు. చూచేవారు చప్పట్లు కొడతారు. బంతి వలను తాకకుండా, గీత దాటకుండా పడిందనే అనుకొందాం. అప్పుడు కూడ అతడు నష్టపోయినట్లేనని నా అభిప్రాయం. భౌతికశాస్త్రం చదివే మిత్రులు ఈ లెక్కను సరిచూడవచ్చు.

తిప్పికొట్టేవాడు వెనుక గీతకు 3 అడుగులు వెలుపల నిలబడ్డాడనుకొందాం. వెనుక గీతనుండి వంటింటి గడపకు 15 అడుగులు. అంటే అతడు 18 అడుగులు ముందుకు పోవాలి. నిలబడిన చోటినుండి కదిలి, అంతదూరం పోయి, మరల కాళ్ళు నిలదొక్కుకొనటానికి మనవంటి సామాన్యులకు సుమారు రెండు సెకన్లు పడుతుంది. రెండడుగుల ఎత్తున కొట్టిన బంతి వల అంచుకు కాస్త పైగా, మూడున్నర అడుగుల ఎత్తులో పోయి అవతల పడిందంటే, అది గాలిలో ఉండేది దాదాపు 0.8 సెకను. ఎగిరి ఎదుటివాని పాడిల్‌కు అందటానికి మరో అర సెకను. మొత్తం 1.3 సెకన్లు. మనవాడు ఇంకా దారిలోనే ఉంటాడు. పరుగులో ఉన్నవాని పాదాలవద్దకే బంతి తిరిగి వస్తుంది. ఎంత గట్టిగా పంపాడో అంత గట్టిగా, అంత త్వరగా.

అదే బంతిని 12 అడుగుల ఎత్తుకు లేపి పంపాడనుకొందాం. పైకి పోవటానికి దాదాపు 0.8 సెకను, క్రిందికి రావటానికి దాదాపు 0.87 సెకను. గాలి అడ్డగింపును నేను లెక్కలోనికి తీసుకోలేదు, తీసుకొంటే ఈ సంఖ్యలు కొద్దిగా మారుతాయి. ఎగురుడుకు అర సెకను కలిపితే మొత్తం రెండు సెకన్లు దాటుతుంది. మనవాడు గడపకు చేరి నిలబడి, పాడిల్ ఎత్తి పట్టుకొని ఎదురుచూస్తూ ఉంటాడు. రెండింటికీ తేడా 0.9 సెకనుకు దగ్గర. రెండు సెకన్లకు 18 అడుగులు పోయేవాడు ఆ వ్యవధిలో 8 అడుగులు పోతాడు. దాదాపు సగం దారి! చప్పట్లకోసం మన పిల్లలు అమ్ముకొంటున్నది ఆ 8 అడుగుల నేలను.

అయితే ఎత్తుగా కొట్టమన్నానని ఆకాశానికి కొట్టి, అది కోర్టు నడుమ పడితే నన్ను నిందించరాదు. ఎత్తుతోపాటు లోతు కావాలి. ఈ బంతి స్వభావం ఒకటి గుర్తుంచుకొనదగినది. 78 అంగుళాల ఎత్తునుండి నల్లరాతి పలకమీద విడిచిన పికిల్ బాల్ 30 నుండి 34 అంగుళాలు మాత్రమే ఎగరాలని నియమం. టెన్నిస్ బంతి 100 అంగుళాలనుండి విడిచితే 53 నుండి 58 అంగుళాలు ఎగరాలి. అంటే టెన్నిస్ బంతి పడిన ఎత్తులో సగానికి పైగా లేస్తే, ఇది అయిదింట రెండువంతులు లేవటం గొప్ప. 12 అడుగుల ఎత్తునుండి పడినది అయిదడుగులకు మించి లేవదు. ఆ అయిదడుగుల బంతి వెనుక గీతకు రెండు మూడడుగుల లోపల పడిందా, ఎదుటివాడు ఇంకా వెనుకకు జరిగి, వలకు 22 అడుగులకంటె ఎక్కువ దూరంనుండి కొట్టాలి. అంత దూరంనుండి మన వంటింట్లోని 7 అడుగుల మేరలో మెత్తగా దించటం నిపుణులకే కష్టం. గట్టిగా కొడితే గడపవద్ద ఇద్దరు కాచుకొని ఉన్నారు. అదే బంతి కోర్టు నడుమ పడిందా, అతడు ముందుకు దూకి భుజం ఎత్తున దొరికిన దానిని మన గుండెలమీదికి కొడతాడు. కాబట్టి లోతు తెలియనివాడు ఎత్తు జోలికి పోరాదు. ముందు లోతు, తరువాత ఎత్తు.

ఎక్కడికి కొట్టాలి? మూలలకు కొట్టబోయి బయటకు కొట్టేవారే మనలో ఎక్కువ. నన్నడిగితే నడిమికి కొట్టమంటాను. వల అక్కడ రెండంగుళాలు తక్కువ. ప్రక్కగీతల భయం లేదు. నడిమినుండి తిరిగి వచ్చే బంతికి కోణాలు తక్కువ. అన్నిటికంటె ముఖ్యంగా, బంతి ఇద్దరి నడుమ పడినప్పుడు ఎదుటి జంట లక్నో నవాబుల కథలోవలె 'పహలే ఆప్, పహలే ఆప్' అనుకొంటూ నిలబడటం నేను ఎన్నోసార్లు చూచాను. రైలు వెళ్ళిపోయినట్లు బంతి వెళ్ళిపోతుంది. నడిమి తరువాత మంచిచోటు ఎదుటివారిలో ఎడమప్రక్క నిలబడినవాని ఎడమచేతి మూల. కుడిచేతివాటమువానికి అది బ్యాక్ హ్యాండు వైపు. ఇద్దరిలో బలహీనుడెవరో, కాళ్ళు మందగించినవాడెవరో తెలిస్తే బంతిని అతనికే అప్పగించాలి. ఇందులో మర్యాద తప్పటమేమీ లేదు.

నిలబడే తీరు గురించి చెప్పవలసినది కొంచెమే. వెనుక గీతకు రెండు మూడడుగుల వెలుపల, మోకాళ్ళు వంచి నిలబడాలి. ముందుకు అడుగువేస్తూ కొట్టటం తేలిక, వెనుకకు జరుగుతూ కొట్టటం కష్టం. 'చిన్న సర్వీసు వేస్తే?' అని అడుగుతారు. వంటింట్లోను, వంటింటి గీతమీదను పడిన సర్వీసు చెల్లదు. ఎంత చిన్నదైనా 7 అడుగులు దాటవలసినదే. దానికోసం ముందుకు పరుగెత్తినవాడు ఎలాగూ పోవలసిన చోటికే పోతున్నాడు గదా! సర్వీసు వల అంచును తాకి సరియైన గడిలో పడితే ఇదివరలో మరల కొట్టించేవారు. 2021నుండి అదీ ఆటలో బంతియే. పాతవారు చేయి ఎత్తి ఆగిపోతే పాయింటు పోతుంది. బంతిని వ్రేళ్ళతో గిరగిర త్రిప్పి విడిచి సర్వీసు చేసే గారడీని 2023నుండి నిషేధించారు. కనుక సర్వీసును చూచి జడుసుకొనటానికి ఉన్న ఆ కాస్త కారణం కూడ పోయింది.

టెన్నిస్ నుండి వచ్చినవారికి ఒక చిక్కు ఉన్నది. వారు పాడిల్‌ను భుజం వెనుకదాకా లాగి కొడతారు. తంత్రులు లేని పలకకు అంత ఊపు అక్కరలేదు. ఊపు తగ్గితే గురి పెరుగుతుంది. షటిల్ నుండి వచ్చినవారికి మణికట్టు చురుకు ఎక్కువ. అది గడపవద్ద పనికి వస్తుంది గాని సర్వీసు తిప్పికొట్టటంలో అపకారమే చేస్తుంది. ఒక ఆటనుండి మరొక ఆటకు చేతిని మార్చుకొనటం అసాధ్యమేమీ కాదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ మహమ్మద్ హాదీ 1924, 1925లలో డేవిస్ కప్పు టెన్నిస్‌లో భారతదేశం తరఫున ఆడారు. 1934-35లో, రంజీ ట్రోఫీ మొదలైన ఏడాదే, మద్రాసుపై 132 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచి ఆ పోటీల చరిత్రలో మొట్టమొదటి సెంచరీ చేసినవారు కూడ ఆయనే. ఏడు ఆటలలో ఆరితేరి 'రెయిన్‌బో హాదీ' అని పేరు పొందినవారు ఒక రాకెట్ మర్యాదను మరొక బ్యాటుకు అంటగట్టి ఉండరని నా నమ్మకం.

నా వాదానికి ఎదురు చెప్పేవారు లేకపోలేదు. పేరుమోసిన ఆటగాండ్రు సర్వీసును గట్టిగానే తిప్పికొడుతున్నారనీ, వీడియోలలో రోజూ చూస్తున్నామనీ మిత్రులు అంటున్నారు. నిజమే. వారి బంతి గట్టిగానూ పోతుంది, వెనుక గీతకు జానెడు లోపల పడుతుంది కూడ. కొట్టినంతలోనే వారి కాళ్ళు గడపకు చేరుతాయి. వారిని చూచి ముందు నేర్చుకోవలసినవి ఆ కాళ్ళను, ఆ లోతును. చేతి బలాన్ని కాదు. టెన్నిస్‌లో 1992 వింబుల్డన్ ఫైనలులో అగస్సీ, ఇవానిసెవిచ్ పిడుగు సర్వీసులను తిప్పికొట్టి గెలిచిన ఉదాహరణ కూడ ఒక మిత్రుడు తెచ్చాడు. అక్కడ ఎదుటివాడు పిడుగు వేస్తున్నాడు. ఇక్కడ వచ్చేది పిడుగు కాదు. నెమ్మదిగా వచ్చిన ప్రశ్నకు అరచి జవాబు చెప్పవలసిన పని ఏమున్నది? సింగిల్స్ సంగతి వేరని మాత్రం ఒప్పుకొంటాను. అందులో మూలలకు కొట్టి మనిషిని పరుగెత్తించటమే న్యాయం.

ఇంతవరకు పెద్దమనిషివలె మాట్లాడాను. ఇప్పుడు నా సంగతి చెప్పుకోక తప్పదు. పోయిన చలికాలంలో ఒక పొరుగు కళాశాలతో స్నేహపూర్వకంగా జరిగిన పోటీలో మన జట్టులో నేనూ ఉన్నాను. ఎంపిక జరిగిన తీరు ఇది: ఒక్కొక్కరిచేత పది సర్వీసులు చేయించారు, పది స్మాషులు కొట్టించారు, మార్కులు వేశారు. నా సర్వీసులు తొమ్మిది బాగా పడ్డాయి. స్మాషులకు గట్టుమీద ఉన్నవారు ఈలలు వేశారు. నేను ఎంపికైనాను. నాతోపాటు పరీక్షకు నిలిచిన ఒక సహాధ్యాయిని సర్వీసులు సగం వలకు తగిలాయి. స్మాషు అనదగినది ఒక్కటి కూడ ఆమె కొట్టలేదు. ఆమె పేరు జాబితాలో లేదు. కాని ఆడపిల్లలకు కేటాయించిన గంటలో ఆమె ఆట చూచినవారికి తెలుసు, ఆమెకు సర్వీసు చేసి పాయింటు సంపాదించటం ఎంత కష్టమో. ప్రతి బంతీ ఎత్తుగా, తాపీగా పోయి వెనుక గీత దగ్గర వాలుతుంది. చూస్తే ఆమె గడపవద్ద నిలబడి ఉంటుంది. ఎప్పుడు వెళ్ళిందో తెలియదు.

పోటీనాడు మూడవ ఆటలో స్కోరు 9-9. సర్వీసు ఎదుటివారిది. నాకు వచ్చిన బంతి బడిపిల్లవాడు కూడ తిప్పికొట్టగలిగినది. నేను బాదాను. వల మధ్యలో తగిలింది. తరువాతి సర్వీసును నా జతగాడు చక్కగా వెనుకకు పంపి ర్యాలీ గెలిచాడు. సర్వీసు మాకు వచ్చింది, ఇద్దరం చేశాము, ఏమీ రాలేదు. మరల వారి సర్వీసు. మరల నాకు. ఈసారి వల దాటించాలనుకొని ఇంకా గట్టిగా కొట్టాను. వెనుక గీతకు గజం అవతల పడింది. 11-9. జతగాడు ఏమీ అనలేదు. బస్సులో కిటికీ ప్రక్కసీటు కూడ నాకే ఇచ్చాడు. ఆ రెండు బంతులకు నాకు మార్కులు వేసేవారుంటే రెండు సున్నలు వచ్చేవి. ఎంపికనాడు అలాంటి పరీక్ష ఒకటి పెట్టి ఉంటే, ఆ బస్సులో నా సీటులో ఆమె కూర్చుని ఉండేది.

కావున క్రీడా కమిటీవారికి నా మనవి. ఈ సంవత్సరం ఎంపికలో సర్వీసుకు మార్కులు వేయండి, స్మాషుకు కూడ వేయండి. కాని వాటికంటె ముందు ప్రతివారికి ఇరవై సర్వీసులు వేయించి తిప్పికొట్టించండి. పది కుడి గడిలో, పది ఎడమ గడిలో. అవతల వెనుక గీతకు 5 అడుగుల లోపలగా సున్నంతో ఒక అడ్డగీత గీయించండి. ఆ గీత దాటి కోర్టులో పడిన బంతికి రెండు మార్కులు, దాటకుండా కోర్టులోనే పడిన దానికి ఒకటి, వలకు తగిలినా బయటపడినా సున్న. అంతేకాదు, కొట్టినవారు ఎదుటివాడు బంతి అందుకొనే వేళకు గడప చేరి నిలబడ్డారో లేదో ఒకరు చూచి గుర్తు పెట్టాలి. చేరలేకపోతే, ఎంతవరకు వచ్చారో అక్కడే ఆగి నిలదొక్కుకొన్నారా, లేక పరుగులోనే ఉన్నారా అన్నది కూడ చూడాలి. పరుగులో ఉన్నవాడు పాదాలవద్ద పడిన బంతిని తీయలేడు. ఈ పరీక్షకు బలిష్ఠమైన భుజాలు అక్కరలేదు, ఖరీదైన పాడిల్ అక్కరలేదు. అబ్బాయిలకు, అమ్మాయిలకు ఒకే పరీక్ష ఒకే గీతతో పెట్టవచ్చు.

సాధనకు కూడ ఇదే చాలు. రంజాను నెలలో ఉపవాసం ఉన్న మిత్రులు సాయంకాలం పూర్తి ఆట ఆడలేకపోతున్నామని చెబుతుంటారు. వారు పరుగు మానుకొని, నిలబడిన చోటినుండే ఇరవై బంతులు లోతుగా పంపటం అభ్యసించవచ్చు. ఇఫ్తారుకు ముందు పావుగంట చాలు. పరుగు సంగతి పండుగ తరువాత చూచుకోవచ్చు. ఎత్తు నేర్చుకొనేందుకు ఒక ఉపాయం ఉన్నది. వలకు పైగా రెండు వెదుళ్ళ నడుమ మనిషి నిలువెత్తున ఒక తాడు కట్టి, బంతి ఆ తాటికి పైగా పోయి అడ్డగీతకు అవతల పడేటట్లు కొట్టాలి. మొదటి వారం నాకు ఇరవైలో ఆరు పడ్డాయి. ఇప్పుడు పదమూడు పడుతున్నాయి. నేను పైన చెప్పిన సహాధ్యాయిని ఒకరోజు వచ్చి, తాడు చూచి నవ్వి, నా పాడిల్‌తోనే పదిహేడు వేసి వెళ్ళింది.

ఆమె గంట సాయంకాలం నాలుగున్నరనుండి అయిదున్నరవరకు మాత్రమే. ఆ గంటలో సగం సేపు షటిల్ ఆడేవారు వల దించనివ్వరు. వారి వల అయిదడుగులు, వీరి వల మూడడుగులు. వారంలో రెండు రోజులైనా ఆ గంటను పూర్తిగా పికిల్ బాల్‌కు వదలవలసినదని, ఆ రెండు రోజులూ ఏవో కమిటీయే నిర్ణయించి నోటీసు బోర్డులో పెట్టవలసినదని కోరుతున్నాను. విద్యార్థులమే తేల్చుకొంటామంటే తగవు తెగదు.

తాడు నావద్ద ఉన్నది. వెదుళ్ళు హాస్టలు వెనుక పడి ఉన్నాయి. సున్నం మాత్రం కళాశాల గోదామునుండి ఇప్పించవలె.